కారే కారు

‘కారు’ అనే మాటకి నిఘంటువులో చాలా అర్థాలే ఉన్నాయి గాని, మా ఇంటికి పనికొచ్చినవి రెండే. ఒకటి ఇంగ్లీషువాడు ఇచ్చి వెళ్ళింది. అది రోడ్డుమీద పరుగెడుతుంది. రెండోది మన అమ్మమ్మలు ఇచ్చింది. అది చూరునుంచి, చిల్లికుండనుంచి, పసివాడి ముక్కునుంచి వస్తుంది. ఈ రెండూ ఒక్కచోట కలిసే యోగం ఎంతమందికి పడుతుందో తెలీదు. నాకు 2022 జూలై రెండోవారంలో పట్టింది. మా కారు కారింది.

నవ్వకండి. అది నా కారు. అంటే, నా డబ్బుతో కొన్నది. పాతికేళ్ళ కాపురంలో ఫ్రిజ్జు మావారు కొన్నారు, ఫ్లాటు మావారు కొన్నారు (అప్పు ఇద్దరం తీర్చాం, అది వేరే సంగతి). నవలలు రాసినందుకు వచ్చిన డబ్బులు ఎప్పటికప్పుడు పాపాయి పుస్తకాలకీ పెళ్ళి కానుకలకీ పోగా మిగిలినవి పోగేసి, ‘ఇది మాత్రం నాకే’ అనుకుని కొన్నాను. కొత్తది కొనే తాహతు లేదు కనక సెకండ్‌హాండ్‌దే. “ఒకరు వదిలించుకున్నదాన్ని మనం తగిలించుకోవడం దేనికి?” అన్నారు మావారు. “మీరు నన్ను చేసుకున్నప్పుడు మా నాన్నకూడా అలాగే అనుకుని ఉంటారు” అన్నాను. మాట అక్కడితో ఆగింది. ఫిబ్రవరిలో కారు వచ్చి తార్నాకలో మా గుమ్మం ముందు నిలబడింది. దాని కంపెనీ పేరు చెప్పను. తప్పు దానిది కాదని తరువాత తేలింది కనక ఊరికే దాని పరువు తియ్యడం ఎందుకు?

డ్రైవింగు నేర్చుకున్నది యూనివర్సిటీ ఆవరణలో. మా ప్రాంతంలో సగంమంది చేతులూ కాళ్ళూ ఆ రోడ్లమీదే తిరిగాయి. ఆదివారం పొద్దున్నే వెళ్ళి, ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి రెండు చుట్లు తిరిగి, తురాయి చెట్టు నీడన కారు పెట్టి, వాకింగు చేసేవాళ్ళలో కలిసి నడిచి, తిరిగి వచ్చేదాన్ని. 2000లో నేను ఎమ్మే చదువుతున్నప్పుడు అదే మెట్లమీద కూర్చుని, కారున్నవాళ్ళని చూసి పైకి ఈసడించుకుంటూ లోపల అసూయపడేవాళ్ళం. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగానైనా మెట్లమీద పిల్లలు నన్ను చూసి ఈసడించుకుంటున్నారని తృప్తిగా ఉండేది.

ఇంతలో జూలై వచ్చింది. ఆ వారం వాన ఎడతెరిపి లేదు. నాలుగో రోజు పొద్దున్న పాపాయిని కాలేజీలో దింపుదామని తలుపు తీస్తే గుప్పున వాసన. తడిబట్టలు మూటకట్టి మరిచిపోతే వస్తుందే, ముక్కిన బియ్యపు డబ్బా మూత తీస్తే వస్తుందే, ఆ రెండూ కలిపిన వాసన. వెనక సీటు కింద పాదం పెడితే చెప్పు ‘పచక్’ మంది. చేత్తో నొక్కితే తివాచీలోంచి నీళ్ళు ఊరాయి.

నా గుండె జారింది నీళ్ళవల్ల కాదు, ఆ నీళ్ళు గుర్తుచేసిన ఇంకో నీటివల్ల. 2020 అక్టోబరు 13 రాత్రి ఈ నగరంలో ఎవరూ మరిచిపోలేరు. ఒక్కరోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 30 పైగా వాన పడింది. చెరువులు కట్టలు దాటి వీధుల్లోకి వస్తే, కార్లు కాగితప్పడవల్లా ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటూ కొట్టుకుపోవడం టీవీలో చూశాం. అలా మునిగిన కార్లని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి, ఊరు మార్చి అమ్మేస్తున్నారని అప్పట్లో చెప్పుకోని ఇల్లు లేదు. మునిగిన కారు మనిషి లోపలి జబ్బులాంటిది. పైకి నిగనిగలాడుతుంది. లోపల తీగలకి పట్టిన తుప్పు ఏ అర్ధరాత్రో, ఏ ఫ్లైఓవరు మీదో బయటపడుతుంది. పాపాయి కూర్చునే కారు. ‘వద్దంటే విన్నావా?’ అనే మాట మావారి నోట్లోంచి వచ్చే రోజు నా కళ్ళముందు కనిపించింది.

అందుకని రెండు పనులు చేశాను, రెండూ తెలివితక్కువవే. మొదటిది, ఆ కారు అమ్మిన పెద్దాయనకి ఫోను చేసి, “ముంపులో మునిగిన కారు ఆడదాన్ని కదా అని నాకు అంటగట్టారా?” అని కడిగేశాను. ఆయన ఏదో చెప్పబోతే వినకుండా పెట్టేశాను. రెండోది, సిలికాన్ ట్యూబు కొనుక్కొచ్చి ముందు అద్దం చుట్టూ, తలుపుల చుట్టూ, గారెలకి పిండి అద్దినట్టు అద్దాను. మర్నాడు వాన పడింది. కారు కారింది. ఈసారి కారు కురూపి అయికూడా కారింది.

ఇక్కడ కాస్త ఆగి, అసలు కార్లకి పైకప్పు ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ వారం రోజులూ మనసు కుదుటపడక నేను చేసింది అదే. బి.ఏ. చదివినదానికి ఇంజను గురించి ఏం తెలుస్తుంది? ఏదైనా పాడైతే దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం ఒక్కటే తెలుసు.

కార్లు పుట్టినప్పుడు వాటికి కప్పు లేదు. కప్పులేని ఇంటికి చూరు కారే బాధ ఎక్కడిది? గుర్రాన్ని తీసేసిన బండే కదా అది. వాన వస్తే తడిసేవాళ్ళు, లేకపోతే బయలుదేరేవాళ్ళు కాదు. తరువాత గుడ్డ టాపులు వచ్చాయి. అమెరికాలో హెన్రీ ఫోర్డు సామాన్యుడి కారని చెప్పి మోడల్-టి ని 1908 అక్టోబరు 1న లోకానికి చూపించాడు. ఆ తేదీ చూసి నేను ఉలిక్కిపడ్డాను. సరిగ్గా దానికి మూడు రోజుల ముందు, సెప్టెంబరు 28న, ఇక్కడ మన హైదరాబాదులో మూసీ పొంగి ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. పోయినవాళ్ళు పదిహేను వేలని ఒక లెక్క. అక్కడ వాళ్ళు వానలో తడవకుండా తిరిగే యంత్రం కనిపెట్టామని పండగ చేసుకుంటున్న వారంలోనే ఇక్కడ మనవాళ్ళు శవాలు వెతుక్కుంటున్నారు.

గుడ్డటాపు కార్లకి ముందు అద్దం వచ్చింది. అద్దంమీద వాన పడితే దారి కనిపించదు కదా, దానికి ఉపాయం ఎవరు చెప్పారనుకుంటున్నారు? ఓ ఆడమనిషి! అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్ అనే ఆవిడ న్యూయార్కు వెళ్ళినప్పుడు ట్రాము డ్రైవరు మంచు కురుస్తుంటే అద్దం తెరిచి, మొహం గడ్డకట్టుకుపోతూ బండి నడపడం చూసింది. లోపల కూర్చుని మీట లాగితే బయట అద్దం తుడిచే రబ్బరు బద్ద ఒకటి ఊహించి, 1903లో పేటెంటు తీసుకుంది. రెండేళ్ళ తరువాత అమ్మబోతే, కెనడాలో ఒక సంస్థ దీనికి గిరాకీ ఉండదు పొమ్మంది. 1920లో పేటెంటు గడువు తీరిపోయింది. ఆ తరువాత ప్రతి కారుకీ వైపరు వచ్చింది, ఆవిడకి మాత్రం కానీ రాలేదు. అమెరికావాళ్ళ ఆవిష్కర్తల గౌరవసభలో ఆవిడ పేరు చేర్చింది 2011లో. అప్పటికి ఆవిడ పోయి యాభై ఏళ్ళు దాటింది. తుడిచే పని ఎప్పుడూ మనదే, పేరు మాత్రం ఆలస్యంగా వస్తుంది. ఏమంటారు?

సరే, కప్పు సంగతి. 1920ల్లో మూతబడ్డ కార్లు జోరుగా వచ్చాయి. కాని వాటి నడినెత్తిన ఇనుము ఉండేది కాదు. అంత వెడల్పు రేకుని ఒక్క ముక్కగా వంచగల యంత్రాలు అప్పటికి లేవు. అంచులు రేకు, మధ్యలో రంగుపూత పూసిన గుడ్డ. ఆ గుడ్డ ఎండకి పెళుసెక్కి, అతుకుల దగ్గర విచ్చుకుని కారేది. 1935లో జనరల్ మోటార్స్ వాళ్ళు కప్పంతా ఒకే ఉక్కురేకుతో తయారుచేసి, అదో పెద్ద విశేషంగా ప్రకటించుకున్నారు. నడినెత్తి కారడం అక్కడితో చాలావరకు తగ్గింది. ఇక మిగిలినవి కంతలు: అద్దాలు, తలుపులు, దీపాలు, తీగలు దూరే చిల్లులు. వీటన్నిటికీ మందు రబ్బరు. ఆ రబ్బరు వేసవిలో జిగురై, చలికాలంలో గాజులా పగిలిపోకుండా గంధకం కలిపి కాల్చి గట్టిపరిచే విద్య 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్‌కి దొరికింది. పాపం, ఆయనకూడా అప్పులతోనే పోయాడు.

మన ఊరి కార్ల చరిత్ర చెప్పేటప్పుడు నిజాంగారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ని తలుచుకోకుండా ఎలా? మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్న బండి అది. 1911లో ఆయన పోయారు. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ కొడుకు ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఇప్పుడు చౌమహల్లా పాలెస్‌లో చూడొచ్చు. ఊరేగింపులకి తప్ప బయటికి తీసేవారు కాదట. కారని కారు కావాలంటే అదొక్కటే దారి, వానలో బయటికి తియ్యకపోవడం! ఈ మాట గుర్తుంచుకోండి, కథ చివర మళ్ళీ పనికొస్తుంది.

సామాన్యులకి మాత్రం 1932లో బస్సులు వచ్చాయి. నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మన ఆర్టీసీకి మూలపురుషుడు అదే. తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి దాటుతూంటే నాకా 27 బస్సులే గుర్తొస్తాయి. స్వతంత్రం వచ్చాక అంబాసిడరు, ఫియట్టు. 1983 డిసెంబరులో మారుతి. అప్పటినుంచే మధ్యతరగతి ఇళ్ళలో ‘కారు’ అనే మాట కలలోంచి జమాఖర్చుల పుస్తకంలోకి దిగింది. కొత్తవి కొనేవాళ్ళు పెరిగితే పాతవి అమ్మేవాళ్ళూ పెరుగుతారు. ఆ వరసలో చివర నిలబడ్డదాన్ని నేను.

చరిత్ర బాగానే ఉంది, తివాచీ మాత్రం ఆరలేదు. చివరికి మా వాచ్‌మన్ ఓ మిస్త్రీని పట్టుకొచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, తెల్లగడ్డం, కళ్ళద్దానికి దారం. వాళ్ళ తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పెట్టెల కప్పులు బాగుచేసేవాడట. 1893 నుంచీ ఉన్న వర్క్‌షాపు అది. తార్నాకకి కూతవేటు దూరం. పాతకాలం చెక్క రైలుపెట్టెల కప్పుమీద కేన్వాసు పరిచి రంగు పూసేవారు. వానాకాలానికి ముందు అవి వెతికి వెతికి అతకడం పెద్ద పనట. అంటే, మూడు తరాలుగా కారడమే ఆ ఇంటికి కూడుపెట్టింది. నేను ‘చాచా’ అన్నాను. ఆయన ‘అమ్మా’ అన్నాడు.

సిలికాన్ పూతలు చూసి మొదట తల కొట్టుకున్నాడు. “ఇది ఎవరు చేసిన్రమ్మా?”

“ఎవరో చేశారు చాచా” అన్నాను.

“ఆ ఎవరో మళ్ళ బండి ముట్టకుండ చూడుండ్రి” అన్నాడు. అర్థమైందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

తరువాత డాక్టరులా ప్రశ్నలు మొదలెట్టాడు. “వాన లేని దినం ఏసీ ఏసుకుని తిరిగితే తడుస్తదా?” లేదన్నాను. ఏసీలోపల చల్లటి గొట్టానికి గాలిలో తేమ పట్టి, గ్లాసు మంచినీళ్ళకి బయట చెమట పట్టినట్టు, నీరవుతుంది. అది కిందికి పోయే చిన్న పైపు మూసుకుపోతే ముందు సీటు కాళ్ళ దగ్గర తడి చేరుతుంది. ఎండకాలంలో తడిస్తే అదీ కారణం. “నీళ్ళు జిగురున్నయా? తీపి వాసన ఉన్నదా?” లేదన్నాను. ఉంటే అది ఇంజను చల్లబరిచే నీళ్ళట, హీటరు గొట్టం పగిలిందన్నమాట. “అయితే వాననీళ్ళే” అన్నాడు.

“చాచా, ముందు ఒక్క సంగతి చెప్పు. ఇది ముంపులో మునిగిన బండేనా?” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బాల్కనీలోంచి మావారు చూస్తున్నారు. అప్పటికి రెండువారాలుగా ఆయనకి ‘పాపాయి వాటర్‌బాటిలు ఒలికింది’ అని చెప్తూ వచ్చాను.

చాచా మాట్లాడలేదు. సీటుబెల్టు పట్టుకుని, మనం ఎప్పుడూ లాగనంత దూరం, చివరి గుడ్డ వరకూ బయటికి లాగాడు. మునిగిన బండి ఎంత కడిగినా బెల్టు లోపలి చుట్టమీద బురద చార ఉండిపోతుందట. చార లేదు. సీటు కింద బోల్టులు చూశాడు. కొద్దిగా తుప్పే గాని మట్టి లేదు. తివాచీ అంచు ఎత్తి, కింద మెత్త తీసి, ఇనుపనేలమీద వేలు రాశాడు. నీళ్ళు, నాలుగు పాప్‌కార్న్ గింజలు, మా పాపాయి పోయిందనుకున్న చెవిదుద్దు. ఒండ్రు మాత్రం లేదు.

“మునగలేదమ్మా” అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు అక్కడ కారనిది ఏదీ లేదనుకోండి.

ఇక దొంగని పట్టాలి. “వెనక తడి ఉంది కదా, వెనక తలుపు రబ్బరేనేమో” అన్నాను. చాచా నవ్వాడు. “తడి ఉన్న కాడ చిల్లు ఉండదమ్మా. నీళ్ళకు కాళ్ళుంటయి.” నిజమే. గిన్నెలోంచి పాలు మెల్లిగా వంచితే గ్లాసులో పడకుండా గిన్నె అడుగు వెంబడి పాకి గట్టుమీద కారడం మనకి తెలీదూ? నీరు అంటిపెట్టుకుని నడుస్తుంది. ముందు దూరిన నీళ్ళు తివాచీ కింద నేల వాలునిబట్టి వెనక్కి చేరతాయి.

పరీక్షకి పద్ధతి ఉంది. సీట్లు, తివాచీ తీసేసి నేల పొడిగా తుడవాలి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. ఇంకొకరు బయట పైపుతో నీళ్ళు పట్టాలి. పట్టేది పైనుంచి కాదు, కిందనుంచి మొదలెట్టి కొంచెం కొంచెం పైకి రావాలి. పైనుంచి పోస్తే అన్ని కంతలూ ఒకేసారి తడిసి, ఏది దొంగో తెలీదు. ఒక్కో చోట అయిదు నిమిషాలు. తొందర పనికిరాదు. లోపల తడి జాడ కనబడటానికి చాచా పౌడరు డబ్బా ఏదైనా ఉందా అని అడిగాడు. మా అత్తయ్య లోపలినుంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి ఇచ్చింది. “పౌడరు దండగ, ఇది చల్లండి. బొట్టు నీరు పడ్డా గీత పడుతుంది” అంది. ఆ ఇనుపనేలమీద ఆవిడే సన్నగా జల్లింది. అలవాటుచొప్పున అంచున ఓ లత కూడా వేసింది.

నేను లోపల, వాచ్‌మన్ పైపుతో బయట. తలుపు కింద పట్టాడు, ఏమీ లేదు. తలుపు అద్దంమీద పట్టాడు, నీళ్ళు తలుపు లోపలికి దిగుతున్న చప్పుడు వినిపించింది. “చాచా, దొరికింది!” అని అరిచాను. “అది దొంగ కాదమ్మా, చుట్టం” అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, కారు తలుపు లోపలికి నీళ్ళు రావడం తప్పు కాదని. అద్దం దిగే సందులోంచి అవి వస్తాయి. తలుపు అడుగున చిల్లులుంటాయి, వాటిలోంచి పోతాయి. లోపలి అట్టకీ తలుపు రేకుకీ మధ్య ఓ ప్లాస్టిక్ కాగితం అడ్డం ఉంటుంది. రేడియో పెట్టించినప్పుడో, అద్దం మిషను బాగుచేయించినప్పుడో ఎవరైనా ఆ కాగితం చింపినా, అడుగు చిల్లులు మట్టితో పూడినా అప్పుడు గది తడుస్తుంది. మాది బాగానే ఉంది.

చివరికి ముందు అద్దం అడుగున, వైపర్లు ఉండేచోట పట్టాడు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో డాష్‌బోర్డు కిందనుంచి చుక్క, తరువాత ధార. ముగ్గుమీద నల్లటి గీత పడి, మెలికలు తిరిగి, అత్తయ్య వేసిన లతని తుడిచేస్తూ వెనక్కి పాకింది.

వైపర్ల కింద కంతలున్న నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, చాచా దాన్ని విప్పాడు. దాని కింద ఓ తొట్టి ఉంది. అద్దంమీది వాననీళ్ళన్నీ ఆ తొట్టిలో పడి, రెండు పక్కలా ఉన్న తూములగుండా కిందికి పోవాలి. లోపలికి గాలి పీల్చుకునే కంతకూడా ఆ తొట్టిలోనే, కాస్త ఎత్తుమీద ఉంటుంది. తూములు మూసుకుపోతే తొట్టి నిండుతుంది, నిండితే నీళ్ళు గాలికంతలోంచి మన ఒళ్ళోకి వస్తాయి. మా తొట్టి నిండా ఆకు. తురాయి ఆకు! ఆ చెట్టు ఆకు జీలకర్ర గింజంత, ఏ కంతలోనైనా దూరుతుంది. యూనివర్సిటీలో నేను ప్రతి ఆదివారం ఎంతో ముచ్చటగా ఏ నీడన పెట్టుకున్నానో ఆ నీడే రాలి, నా తూములు పూడ్చింది.

చాచా దోసిళ్ళతో తీసి కాగితంమీద పోశాడు. కింద నల్లగా, ఎరువులా కుళ్ళిన పొర. పైన ఇంకా గోధుమరంగు పోని ఆకూ, వాడిన ఎర్రరేకులూ. “కింది పొర పాతది. మీది పొర మీది” అన్నాడు. తెలుగులో ఆ మాటకి రెండర్థాలూ సరిపోయాయి. తప్పు లెక్కగట్టడంలో అంత న్యాయంగా మాట్లాడిన జడ్జి ఉండడు.

సన్నటి తీగతో తూములు గుచ్చి, గాలి ఊది, నీళ్ళు పోసి చూపించాడు. రెండు పక్కలా చక్రాల వెనకనుంచి జలజలా పడ్డాయి. రబ్బరు మార్చలేదు, జిగురు పుయ్యలేదు. నేను పూసింది బ్లేడుతో గీకడానికే రెండు గంటలు పట్టింది. తివాచీ, దాని కింద మెత్త మేడమీద రెండురోజులు ఎండబెట్టాం. ఇది మాత్రం మరిచిపోకూడదట. పైన తివాచీ ఆరినట్టే ఉంటుంది, కింద మెత్త స్పాంజిలా నెలల తరబడి నీళ్ళు పట్టి ఉంచి నేల తినేస్తుంది. ఈ కాలపు కార్లకి తీగలూ ఆ కిందనుంచే పోతాయి. నేల తుప్పు గీకి, రంగు వేశాడు. వాసనకి అత్తయ్య గుడ్డసంచిలో బొగ్గులు కట్టి సీటు కింద పెట్టింది.

ఆ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. నేను నీళ్ళని ఆపాలని చూశాను. చాచా వాటికి దారి ఇచ్చాడు. కార్ల చరిత్రలోకూడా ఇదే జరిగింది. నూరేళ్ళ కిందటివాళ్ళు గుడ్డ వేసి, రంగు పూసి నీటిని బయటే ఆపాలని అవస్థపడ్డారు. తరువాతివాళ్ళు ‘రానీ, పోయే తూము మాత్రం ఉంచుదాం’ అనుకున్నారు. మూసీ ముంచెత్తాక నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్యగారు సలహా ఇచ్చినదీ గోడ కట్టమని కాదు. పైన వరదని నిలిపి మెల్లమెల్లగా వదిలే జలాశయాలు కట్టమని. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా పూర్తయ్యాయి. ఊరి దాహం కూడా వాటితోనే తీరింది.

మా యూనివర్సిటీ నేలకీ ఓ నీటికథ ఉంది. 1918లో యూనివర్సిటీ పుట్టింది. అద్దెయిళ్ళలో నడిచి నడిచి ఈ అడిక్‌మెట్ నేలకి చేరింది. 1934లో పునాదిరాయి పడ్డ ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబరులో తెరుచుకుంది. బెల్జియం నుంచి వచ్చిన జాస్పర్ గీసిన నక్షా అది. కాని అంతకు నూరేళ్ళ పైచిలుకు ముందే ఈ అడిక్‌మెట్ మహలఖా బాయి చందా జాగీరు. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి. ఆవిడ పేరుమీద ఓ మెట్లబావి ఈ ఆవరణలో ఇంకా ఉంది. వాన ఎక్కడికి పోవాలో ఆవిడకి తెలుసు. పక్కనున్న తార్నాక పేరు చూడండి. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. నిజాం కాలంలో ముళ్ళతీగ కంచె వేసిన తోటా, దానికో కాపలా చౌకీ ఉండేవని, ఆ పేరు అలా వచ్చిందని పెద్దలంటారు. కంచె మనుషుల్ని ఆపుతుంది, నీళ్ళని ఆపదు. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు మేం హాస్టల్లో చిక్కుకుని, బ్రెడ్డు ముక్కలు పంచుకుతిన్నాం. 2020లో మళ్ళీ అదే. నాలాలమీద ఇళ్ళు కట్టాం, చెరువు తూములు పూడ్చాం. కింది పొర పాతవాళ్ళది, పైపొర మనది.

తెల్లవారగానే ఫోను తీశాను. నెంబరు నొక్కి రెండుసార్లు పెట్టేశాను. నవలల్లో నా కథానాయికలు క్షమాపణలు ఎంత సులువుగా చెప్పేస్తారో! మూడోసారి ఆయన ఎత్తారు.

“బాబాయిగారూ, ఆ రోజు తొందరపడ్డాను. కారు మునగలేదు. ఆకులు అడ్డంపడ్డాయి. సగం ఆకులు నావే” అన్నాను.

కాసేపు మాట లేదు. తరువాత నెమ్మదిగా అన్నారు: “నేనూ నాలుగురోజులు నిద్రపోలేదమ్మా. అరవై ఏళ్ళు దాటాక మోసగాడన్న మాట పడలేదెప్పుడూ. వానొస్తే నేను బండి బయటికి తీసేవాణ్ణి కాదు, కళ్ళు సరిగా కనపడవని. షెడ్డులోనే ఉండేది. కారుతుందని నాకేం తెలుసు?”

నిజాంగారి రోల్స్‌రాయిస్ గుర్తొచ్చింది. వానలోకి రాని కారు కారదు. పరీక్షకి నిలబడని మంచితనంలా అదీ ఎవరికీ తెలీకుండానే ఉండిపోతుంది. ఆయన మంచితనం మాత్రం నా నోటివానకి నిలబడింది. వచ్చే ఆదివారం కాఫీకి రమ్మన్నాను. వచ్చారు. కారు చుట్టూ తిరిగి, బానెట్ తడిమి, “రంగు బాగా ఉంచారమ్మా” అన్నారు. మావారికి అసలు సంగతంతా ఆయన ముందే చెప్పేశాను. “వాటర్‌బాటిలు చాలా పెద్దదన్నమాట” అన్నారు మావారు. అంతే. ‘వద్దంటే విన్నావా’ అనలేదు. పాతికేళ్ళలో ఆ మనిషిని నేనూ కొంత తప్పుగానే లెక్కకట్టానేమో.

ఇప్పటికీ ఆ తురాయి చెట్టుకిందే పెడతాను, నీడ వదులుకోలేక. కాని ప్రతి ఆదివారం ఇంటికి రాగానే చీపురుపుల్లతో వైపర్ల దగ్గర ఆకులు ఏరతాను. కార్తెకి ఒకసారి మగ్గుతో నీళ్ళు పోసి రెండు పక్కలా పడుతున్నాయో లేదో చూస్తాను. అది చూసి మా అత్తయ్య వీధిలో అందరికీ వినబడేలా అంటుంది:

“ఇంటిముందు ఊడవమంటే నడుం నొప్పి గాని, కారుముందు ఊడవమంటే మా కోడలికి ఏ నొప్పీ రాదు!”